'బ్రేవ్‌లీ' కూర్చునే చోటు

'హి డిడ్ నాట్ సైన్ బ్రేవ్‌లీ' అన్న ఇంగ్లిష్ వాక్యం వినగానే, అతను సంతకమైతే పెట్టాడు గాని ధైర్యంగా పెట్టలేదన్న అర్థం తోస్తుంది. ఇందులో చివరి మాటను తీసి ముందు పెట్టి చూడండి: 'హి బ్రేవ్‌లీ డిడ్ నాట్ సైన్'. ఇప్పుడు అతను సంతకమే పెట్టలేదు, పెట్టకపోవడమే అతని ధైర్యం. కొత్త మాట చేరలేదు, ఉన్నది పోలేదు. ఒక క్రియావిశేషణం చోటు మారేసరికి పిరికివాడు వీరుడయ్యాడు. ఇంత పని చేసే ఈ చిన్న మాట నిర్మాణాన్ని విప్పి చూడాల్సిందే.

ఇది రెండు ముక్కల అతుకు. ముందుది 'బ్రేవ్', ఇటలీ నుంచి ఫ్రాన్స్ మీదుగా ఇంగ్లండ్ చేరిన విశేషణం. కచేరీల్లో వినబడే 'బ్రావో' దీని తోబుట్టువే. రెండోది 'లీ' అనే ప్రత్యయం. పాత ఇంగ్లిష్‌లో ఒంటిని, ఆకారాన్ని చెప్పే 'లీచ్' అన్న మాట దీనికి మూలం. ఇంగ్లండ్ పల్లెల్లో చర్చి ఆవరణ ముందు కప్పు వేసి ఉండే 'లిచ్‌గేట్' పేరులో ఆ పాత మాట ఇంకా బతికే ఉంది; శవపేటికను లోపలికి తీసుకుపోయే ముందు కాసేపు అక్కడ దించేవారు. ఒంటికి పేరైన మాట అరిగి అరిగి, 'ఆ తీరున' అని చెప్పే తోకగా మిగిలింది. మన 'ధైర్యంగా'లోని 'గా' కూడా అలా అరిగిన మాటే, 'అగు' అన్న క్రియ నుంచి పుట్టింది.

ఈ 'లీ' ఎక్కడపడితే అక్కడ అతకదు. 'కవర్డ్' అన్న మాట దగ్గరికొస్తే పని ఆగిపోతుంది. 'కవర్డ్' అంటే పిరికివాడు, 'కవర్డ్‌లీ' అంటే పిరికి అనే విశేషణం. 'లీ' అప్పుడే ఖర్చయిపోయింది. దాని మీద మరో 'లీ' తగిలిస్తే నోరు తిరగదు. అందుకే మామూలు మాటల్లో 'ఇన్ ఎ కవర్డ్‌లీ వే' అని చుట్టు తిరిగి చెప్పుకుంటారు. ధైర్యానికి మాత్రం ఈ తోకతో డజను మాటలకు తక్కువ లేవు.

వాటిని పక్కపక్కన పేర్చి చూస్తే తయారీలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి ఉన్నదాన్ని చెప్పడం. 'కరేజియస్‌లీ' లోపల లాటిన్ గుండె 'కోర్' ఉంది, 'వేలియంట్‌లీ' లోపల బలం ఉంది. రెండోది లేనిదాన్ని చెప్పడం. 'ఫియర్‌లెస్‌లీ'లో భయం, దాని లేమి, 'లీ' అని మూడు ముక్కలు వరసగా కూర్చున్నాయి. 'ఇంట్రెపిడ్‌లీ'లో కంగారు అనే అర్థమున్న లాటిన్ మాటకు ముందువైపు 'కాదు' అని తగిలించారు. మనమూ అంతే: 'ధైర్యంగా' అంటాం, 'జంకకుండా' అని కూడా అంటాం. వైద్యుడైన పీటర్ మార్క్ రోజే 1852లో లండన్‌లో అచ్చువేసిన తన థెసారస్‌లో భయం పక్కన ధైర్యాన్ని, ధైర్యం పక్కన పిరికితనాన్ని పెట్టాడు. భయం ఉన్నచోటే ధైర్యం ప్రసక్తి వస్తుంది కాబట్టి ఆ వరస నాకు చాలా సబబుగా అనిపిస్తుంది.

ఒకే అర్థం ఉన్నట్టు కనిపించినా ఏ రెండూ ఒకే చోట పనికిరావు. 'వేలియంట్‌లీ ట్రైడ్' అనగానే వినేవాడు వెనక ఒక 'బట్' కోసం ఎదురుచూస్తాడు. గట్టిగానే ప్రయత్నించాడు, పాపం ఫలించలేదన్న ధ్వని అందులో ఉంది. 'గేమ్‌లీ' పందెం కోడి నుంచి వచ్చింది, ఓటమి కళ్లెదుట కనబడుతున్నా తగ్గనివాడికి వాడతారు. 'ప్లకిలీ' పుట్టిల్లు మాంసం కొట్టు. కోసిన జంతువులోంచి లాగి తీసే గుండె, కాలేయం, ఊపిరితిత్తులను కలిపి 'ప్లక్' అనేవారు. మన 'గుండెలు తీసిన బంటు' ఆ మాటకు దగ్గరి చుట్టమనిపిస్తుంది గాని, 'ప్లకిలీ' ఎక్కువగా బక్కవాడు బలవంతుడికి ఎదురు నిలిచినప్పుడే వినబడుతుంది. 'బోల్డ్‌లీ'కి రెండువైపులా పదునుంది: చొరవా కావచ్చు, బరితెగింపూ కావచ్చు. ఐర్లండ్‌లో అల్లరి పిల్లవాణ్ని ఇప్పటికీ 'బోల్డ్' అంటారు.

పర్యాయపదాల మధ్య ఈ తేడాలు ఎంత పట్టించుకోదగ్గవో విక్టోరియా రాణికి తెలుసు. 1856లో నెలకొల్పిన విక్టోరియా క్రాస్ పతకం మీద మొదట 'ఫర్ ది బ్రేవ్' అని చెక్కాలనుకున్నారు. అలా రాస్తే పతకం అందనివాళ్లు ధైర్యవంతులు కారనే అర్థం వస్తుందని ఆమె 'ఫర్ వేలర్' అని మార్పించింది. మనిషికి ముద్ర వేయకుండా గుణాన్ని గౌరవించిన మార్పు అది.

ఇక చోటు సంగతి. 'షి ఆన్సర్డ్ బ్రేవ్‌లీ' అంటే జవాబు చెప్పిన తీరులో ధైర్యం ఉంది: గొంతు వణకలేదు, తల దించలేదు. 'షి బ్రేవ్‌లీ ఆన్సర్డ్' అంటే చాలావరకు జవాబు చెప్పడమే ధైర్యం. గొంతు వణికినా వాక్యం చెడదు. వాక్యం మొదట పెట్టి కామా తగిలిస్తే అది పూర్తిగా చెప్పేవాడి తీర్పైపోతుంది. క్రియ వెనక ఉన్నప్పుడు పనిని వర్ణించే మాట, ముందుకొచ్చేసరికి మనిషి నిర్ణయాన్ని తూస్తుంది. సంతకం వాక్యంలో జరిగింది ఇదే. ముందున్న 'బ్రేవ్‌లీ' కాదనడాన్ని కూడా తన కిందికి తెచ్చుకుంది; వెనకున్నది ఆ కాదనడం చేతికి తానే చిక్కింది.

నిర్ణయాన్ని తూచే మాట కాబట్టే, నిర్ణయించుకునే శక్తి లేనివాటితో ఇది పొసగదు. రాయి 'బ్రేవ్‌లీ' దొర్లదు, మనిషే అయినా 'బ్రేవ్‌లీ' తుమ్మడు. ఎదుట అపాయం ఉండాలి, తప్పుకునే దారి కూడా ఉండాలి. ఇన్ని షరతులను ఏడు ఇంగ్లిష్ అక్షరాల్లో ఇమిడ్చిన ఈ మాటను ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటేస్తుంది.

ఇంగ్లిష్ నేర్చుకునే మనవాళ్లకు ఒక మాట. 'నేను ధైర్యంగా చెప్పేశాను' అని తెలుగులో అంటే ఎవరూ ఏమీ అనుకోరు. 'ఐ బ్రేవ్‌లీ టోల్డ్ హిమ్' అంటే మాత్రం గొప్పలు పోతున్నట్టో, సరదాకి అంటున్నట్టో వినబడుతుంది. అక్కడ ఆ కితాబు ఎదుటివాళ్లు ఇవ్వాల్సిందే. కాబట్టి ఇంగ్లిష్‌లో మీ సంగతి చెప్పుకునేటప్పుడు ఏం చేశారో చెప్పి ఊరుకోండి, 'బ్రేవ్‌లీ'ని ఇతరుల కోసం దాచిపెట్టండి. వాళ్ల గురించి రాసేటప్పుడు దాన్ని క్రియకు ముందు పెట్టాలో వెనక పెట్టాలో ఒక్క క్షణం ఆగి చూసుకోండి.