బోర్డు మీద పూలగుడ్డ

హవాయిలో సర్ఫ్‌బోర్డు చెక్కే షేపర్లకు పేరెక్కువ. నా మెప్పు మాత్రం దానిమీద గుడ్డ పరిచే మనిషికే.

ఫోమ్ దిమ్మను చెక్కి నునుపు చేశాక, పలచటి నూలుగుడ్డ పరిచి రెజిన్ పోస్తారు. రబ్బరు పలకతో మధ్య నుంచి అంచులకు లాగుతారు. గట్టిపడే మందు కలిపిన రెజిన్ నిమిషాల్లో బిగుసుకుంటుంది. ఆలోపే ముడతలు పోవాలి, గాలిబుడగలు పోవాలి, గుడ్డమీది గీతలు వంకర తిరగకూడదు. పైగా రెజిన్ తాగిన గుడ్డ రంగు ముదురుతుంది, తెల్లని చోట్ల అడుగున ఉన్నది కనిపిస్తుంది. కొట్లో చూసిన రంగును నమ్ముకుంటే అంతే సంగతులు! రెజిన్ సగం బిగిశాక, అంచున అంటించిన టేపు వెంట గుడ్డను బ్లేడుతో కోసి, పైన ఫైబర్‌గ్లాస్ పొర వేస్తారు.

కొందరు గుడ్డమీద అలోహా చొక్కాల, అంటే హవాయి పూలచొక్కాల, పూలు కోరతారు. నాకు నచ్చేవి కాపా నమూనాలు. పేపర్ మల్బరీ బెరడు నానబెట్టి, బాది చేసే పాత హవాయి బట్ట కాపా. దానిమీద వెదురుబద్దల అచ్చులతో గీతలు, త్రిభుజాలు అద్దేవారు. పెడన అద్దకంవాళ్లు చూస్తే చుట్టాలే అనుకుంటారు.

గుడ్డ వల్ల బోర్డు కాస్త బరువెక్కుతుంది. అందుకే తీరిగ్గా అలలెక్కే లాంగ్‌బోర్డులవాళ్లే ఎక్కువగా దీన్ని అడిగి చేయించుకుంటారు.