నత్రజని సాక్ష్యము

ఒక రాయి వజ్రమని తెలియుట వేఱు, ఆ వజ్రము భూగర్భమున బుట్టినదో యంత్రగర్భమున బుట్టినదో తెలియుట వేఱు. అంగళ్ళలోని టెస్టరు రాతి ఉష్ణవాహకత్వమును మాత్రమే కొలుచును గనుక, గాజును జిర్కోనియాను పట్టి యిచ్చునే గాని, ల్యాబులో బెంచిన దానిని వజ్రమనియే చెప్పును. అది యబద్ధమును గాదు, ఏలయన రెండును కర్బనమే, రామన్ వర్ణపటమున రెండింటికిని సెంటీమీటరునకు 1332 తరంగసంఖ్య కడ నొకే రేఖ. (1930లో వజ్రముపై రామన్ ప్రభావమును పరిశోధించిన తొలివారిలో మన భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం గారొకరు.)

ఈ విద్యలో నన్ను నేటికిని విస్మయపఱచునది, పరీక్షకుడు మొదట వెదకునది స్వచ్ఛత గాక మాలిన్యమగుటయే. సాధారణముగా 150 కిలోమీటర్లకు మించిన లోతున, కోట్ల యేండ్లు ఆ వేడిలో మ్రగ్గిన వజ్రమునందు చెదరియున్న నత్రజని పరమాణువులు మెల్లమెల్లగా జరిగి, మూడేసి చొప్పున నొక్కొక్క శూన్యస్థానము చుట్టును గుమిగూడగా, ఆ కూటములు 415 నానోమీటర్ల కడ కాంతిని మ్రింగి వర్ణపటమున నొక సన్నని నల్లగీతను నిలుపును. కొలది వారములలో బెరిగిన రాతికి అంత తీరిక యెక్కడిది? అధిక పీడనమున, అధికోష్ణమున బెంచినదానిలో నత్రజని యొంటరిగా నిలిచి పసుపువన్నె నిచ్చును. మీథేను వాయువునుండి పొరలుగా బేర్చిన సి.వి.డి. వజ్రమున నది లేశమాత్రమే.

చిక్కంతయు నిచ్చటనే. కృష్ణాతీరమున కొల్లూరు మొదలగు గనులనుండి వెలువడి, నేటికిని వర్తకులు గోల్కొండ పేరిట మన్నించు నిర్మల వజ్రములలోను నత్రజని కానరాదు. కోహినూరు సైతము టైప్ 2ఎ అనబడు ఆ జాతిదే. మన వన్నెకెక్కిన రాళ్ళు తొలి పరీక్షలోనే అనుమానితుల వరుసలో నిలుచుట చూచి నవ్వుకొనని పరీక్షకుడుండడేమో!

అప్పుడు పోలరైజర్ల నడుమ నుంచి చూడవలెను: సహజమైన ఈ జాతి రాళ్ళలో అంతర్గత పీడనపు జాడలు చాపయల్లిక వలె నొకదానినొకటి ఖండించుచు గనబడును, అధిక పీడనపు రాతిలో నవి దాదాపు శూన్యము. ద్రవనత్రజనిలో -196 డిగ్రీలకు చల్లార్చి లేజరు ప్రసరింపజేసినచో, సి.వి.డి. పెంపుగది క్వార్ట్జు కిటికీలనుండి చొరబడిన సిలికాను 736.6, 736.9 నానోమీటర్ల కడ జంటరేఖలుగా బయటపడవచ్చును; సహజ వజ్రములలో నది మిక్కిలి యరుదు.

అయినను నా పక్షపాతము లోతైన అతినీలలోహిత కాంతిలో దీసిన చిత్రముమీదనే. అధిక పీడనపు రాయి తఱచు దీపమార్పిన పిదపను కొంతసేపు నీలముగా వెలుగుచుండును; సి.వి.డి. రాతిలో పొరలు పెరిగిన తీరు సన్నని వాలుగీతలుగా దెలియును. గోధుమవన్నెను బోగొట్టుటకై మఱల వేడిచేసినచో వెలుగు నారింజనుండి ఆకుపచ్చకు మాఱునే గాని, ఆ గీతలు మాత్రము చెరగవు. కావున నేను రంగుకన్న గీతలనే నమ్ముదును.