లావు రాడ్డు, పాత బుష్‌లు

ఈ ఆదివారం మా షడ్డకుడి పాత ఫియట్ 1100లో వరంగల్ రోడ్డు మీద నారపల్లి నుంచి ఘట్‌కేసర్ వెళ్లాం. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే వంపులో ఆ బండి ఎప్పుడూ పడవలా పక్కకు ఒరిగేది. ఈసారి ఒరగలేదు. ముందున్న స్టెబిలైజర్ రాడ్ తీయించి, నాచారంలో ఒక ఉస్తాద్ దగ్గర లావుది చేయించాడట. "మూడు మిల్లీమీటర్లే పెంచినం అన్నా" అన్నాడు మురిసిపోతూ.

పాత బండిని పుట్టినట్టే ఉంచాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. అయినా ఆ వంపు నాకు నచ్చింది.

కారు మలుపు తిరిగితే బరువు బయటి చక్రాల మీదికి పోతుంది, బాడీ అటే వాలుతుంది. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా ఉండే ఈ రాడ్డు అప్పుడు మెలిపడుతుంది, ఆ మెలి విప్పుకునే బలంతో వాలును ఆపుతుంది. చక్రాలు రెండూ ఒకేసారి లేస్తే దానికి పని లేదు. దాని బిగువు మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 16 మిల్లీమీటర్ల రాడ్డు బదులు 19ది వేస్తే బిగువు దాదాపు రెట్టింపు! మూడు మిల్లీమీటర్లే అనుకోవడానికి లేదు.

ఒరగడం అంటే నాకు అంబాసిడరే గుర్తొస్తుంది. చిన్నప్పుడు ఇదే వరంగల్ రోడ్డు మీద కిరాయి బండి కట్టించుకుని యాదగిరిగుట్టకు పోయేవాళ్లం. ముందు బెంచీ సీటులో నాన్న, ఆయన ఒళ్లో నేను. వెనక అమ్మ, నానమ్మ, పెద్దమ్మ, సందుల్లో పిల్లలు. డిక్కీలో పులిహోర గిన్నె. గుట్ట మలుపుల్లో అందరం ఒక్కసారిగా ఒక పక్కకు పడేవాళ్లం, నానమ్మ నరసింహస్వామిని తలుచుకునేది. "ఒరగనియ్యమ్మా, చక్రం నేలనిడిస్తెనే భయం" అనేవాడు డ్రైవర్. అప్పుడది ధైర్యం చెప్పే మాట అనుకున్నాను. ఇంగ్లండ్ మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చి, 2014 దాకా తయారైన ఆ బండికి ముందు చక్రాల దగ్గర కాయిల్ స్ప్రింగులు ఉండేవి కావు. బండి పొడవు వెంట అమర్చిన టార్షన్ బార్లే బరువు మోసేవి. అవీ మెలిపడే రాడ్లే. కాకపోతే ఏ చక్రం రాడ్డు దానిదే. ఎడమ చక్రం గుంతలో పడితే కుడి చక్రానికి ఆ సంగతే తెలియదు.

ఆ తేడా ఎంత విలువైనదో తిరుగు ప్రయాణంలో ఉప్పల్ వైపు వచ్చినప్పుడు తెలిసింది. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. ఏళ్లకేళ్లుగా ఆ పిల్లర్ల పక్కన నడిచిన రోడ్డు ఏ గతి పట్టిందో ఇటువైపు వాళ్లకు నేను చెప్పాలా? మేడిపల్లి, బోడుప్పల్ దాటేసరికి తలలు అటూ ఇటూ ఊగిపోయాయి. ఎడమ చక్రం గుంతలో దిగిన ప్రతిసారీ లావు రాడ్డు కుడి చక్రాన్నీ దాంతోపాటు లాగింది. మన రోడ్లు రెండు పక్కలా సమంగా పాడవవు కదా, నీళ్లు నిలిచే అంచే ముందు పోతుంది. అలాంటి చోట రెండు చక్రాలను గట్టిగా ముడివేయడం బండికి మేలు కాదు.

పైగా ముందు మాత్రమే బిగిస్తే మలుపులో ముందు బయటి టైరు మీద భారం పెరుగుతుంది. తడి రోడ్డు మీద స్టీరింగ్ తిప్పినా బండి నేరుగానే పోవాలని చూస్తుంది. "అయితే వెనక కూడా లావుది వేద్దామా?" అన్నాడు షడ్డకుడు. వద్దన్నాను. అది మరీ బిగిస్తే లోపలి వెనక చక్రం తేలుతుంది, వానలో వెనక భాగం జారుతుంది.

ఇంటికొచ్చాక తీసేసిన పాత రాడ్డు చూపించమన్నాను. రాడ్డుకు ఏమీ కాలేదు. దాన్ని పట్టి ఉంచే రబ్బరు బుష్‌లే ఎండి, పగిలి, వదులైపోయాయి. అంటే ఆ రాడ్డు మెలిపడేలోపే సందులో ఆడుతూ వచ్చింది, సగం వంపు అయ్యాక గానీ పని మొదలుపెట్టలేదు. లావు రాడ్డుకు మాత్రం కొత్త బుష్‌లు వేశారు. మరి ఔటర్ వంపులో మాకు నచ్చింది మూడు మిల్లీమీటర్ల ఉక్కా, కొత్త రబ్బరా? పాత రాడ్డుకు కొత్త బుష్‌లు వేసి, షాకబ్జార్బర్లు, టైర్ల వయసు చూసి, అదే వంపులో నడపకుండా తేల్చలేం.

ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే చేసిస్తానన్నాడు. పాలీయురేథేన్‌వి వేయమంటారా, ఎక్కువ రోజులు వస్తాయి అని అడిగాడు. రబ్బరువే వేయమన్నాను. ఈ రోడ్డుకు ఆ మెత్తదనం కావాలి.