సంఖ్యాభాసములు

డారెల్ హఫ్ అను అమెరికా రచయిత 1954వ సంవత్సరమున ‘లెక్కలతో బొంకుట యెట్లు’ అను నర్థము గల పేరితో నొక చిన్నపుస్తకమును వెలువరించెను. పత్రికలయందును ప్రకటనలయందును గానవచ్చు లెక్కలు పాఠకుని నెట్లు వంచించునో చూపుట దాని ప్రయోజనము. అందలి దోషములలోఁ బెక్కులు మన హేత్వాభాసప్రకరణమున నున్నవే.

1936వ సంవత్సరపు ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకుఁ బైఁబడిన యభిప్రాయపత్రములను లెక్కించి లాండన్ గెలుచునని ప్రకటించెను. రూజ్వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. టెలిఫోనులును మోటారుకారులును గలవారినే ముఖ్యముగా నడిగి, దేశమంతయు నట్లే తలంచునని యూహించుటచే వ్యాప్తి చెడినది. లెక్క పెద్దదైనను దోషము తొలఁగలేదు.

మసాచుసెట్సులోని మతాచార్యుల జీతములును, హవానాలోని రమ్ముధరయుఁ గలసి పెరిగినవని హఫ్ మఱియొక యుదాహరణ మిచ్చెను. ఒకటి రెండవదానికిఁ గారణము గాదు. కాలక్రమమున ధరలన్నియుఁ బెరుగుటయే రెంటికిని మూలము. ఇది సోపాధికహేతువు. నిప్పున్నదిగాన పొగ యున్నదనుచోటఁ దడికట్టెల సంయోగ ముపాధి యని అన్నంభట్టు తర్కసంగ్రహమునఁ జూపినది యిట్టిదే. కాలిన యినుపగుండునందు నిప్పున్నను పొగ లేదు.

ఇంతవఱకు గ్రంథము శ్లాఘ్యము. కాని దోషములను బట్టుటయందుఁ గల శ్రద్ధ సద్ధేతువును నిరూపించుటయం దిందు లేదు. ఆ లోపము గ్రంథకర్తయందే ఫలించినది. పొగత్రాగుట పురుషులలో ఊపిరితిత్తుల క్యాన్సరునకుఁ గారణమని 1964లో సర్జన్ జనరల్ నియమించిన వైద్యసంఘము నిర్ణయించెను. 1965లో హఫ్ సెనేటు సంఘము నెదుట నా నిర్ణయమును శంకించి, కొంగలకును శిశుజననములకును గల సంబంధమును దానికి సాటిగాఁ జూపెను.

ఈ సామ్యము నిలువదు. కొంగలకథలో నిల్లును గుటుంబమును బెద్దవగుట యుపాధి యని చూపవచ్చును. పొగత్రాగుట విషయమున నట్టి యుపాధిని హఫ్ చూపలేదు. ఎక్కువ త్రాగినవారికి మరణ మెక్కువ, మానినవారికిఁ దక్కువ యను నన్వయవ్యతిరేకములు రెండును వైద్యులకుఁ గలవు. శంకకు హద్దు కలదని ఉదయనాచార్యుఁడు న్యాయకుసుమాంజలియందు నిరూపించినాఁడు. స్వపక్షస్థాపనము లేక పరపక్షమును ఖండించుట వితండ.

కావున బాలురకుఁ బత్రికలలోని లెక్కలను బరీక్షింప నేర్పు పండితులు హేత్వాభాసములతోడనే పంచరూపములు గల సద్ధేతువును గూడ బోధింపవలయును. లేనిచో శిష్యులు తమకు గిట్టని సత్యమును సయితము బొంకని త్రోసివేయుదురు.