కణాల మధ్య ఉన్నది జిగురేనా?

ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో తలతన్యత పాఠం చదివినవారికి 'అసంజనం' అనే మాట గుర్తుండే ఉంటుంది. నీరు గాజుకు అంటుకుంటుంది, పాదరసం అంటుకోదు. కణాలు ఒకదానినొకటి పట్టుకోవడాన్ని చెప్పడానికి ఇంగ్లీషులో కూడా అదే మాట వాడతారు. అందువల్ల మా అనువాదకులం పెద్దగా ఆలోచించకుండా 'కణ అసంజనం' అని రాసేశాం. ఇంకాస్త తేలిక చేద్దామనుకున్నవాళ్ళం 'కణాల మధ్య జిగురు' అన్నాం. నేనూ అన్నాను. ఆ పోలిక ఎక్కడ దారి తప్పిస్తుందో ఒక్క జన్యువును తీసుకుని చూద్దాం.

దాని పేరు ఐటిజిబి3. మనిషి 17వ క్రోమోజోము పొడుగు భుజం మీద ఉంటుంది. దీని నుంచి 788 ఎమైనో ఆమ్లాల గొలుసు తయారవుతుంది. వాటిలో మొదటి 26 చిరునామా చీటీ వంటివి. ప్రోటీనును చేరవలసిన దారికి చేర్చి తెగిపోతాయి. మిగిలిన 762లో చాలా భాగం కణం వెలుపలే ఉంటుంది. ఒక చిన్న ముక్క కణత్వచాన్ని దాటుతుంది. చివరి 47 మాత్రం కణం లోపల తోకలా వేలాడతాయి. ఈ 47ను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వీటితో పని ఉంది. బీటా-3 అనే ఈ ప్రోటీను ఒంటరిగా పనిచేయదు. అదే క్రోమోజోము మీద, దగ్గరలోనే ఉన్న వేరే జన్యువు తయారుచేసే ఆల్ఫా-2బితో జతకడితేనే గ్రాహకం అవుతుంది. ఇటువంటి జంటలను ఇంటెగ్రిన్లు అంటారు. 1986లో వచ్చిన పేరది. మనిషిలో 24 రకాల జంటలున్నాయి.

మన జంట ఉండే చోటు రక్త ఫలకికలు, అంటే ప్లేట్‌లెట్లు. ఒక్కొక్క ఫలకిక మీద సుమారు 80,000 గ్రాహకాలుంటాయి. అవి పట్టుకునేది ఫైబ్రినోజన్‌ను. దీనికి రెండు చివర్లా పట్టు దొరుకుతుంది కాబట్టి రెండు ఫలకికలను కలిపే వంతెనగా పనికొస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ఫలకికలు. 100 మిల్లీలీటర్ల ప్లాస్మాలో 200 నుంచి 400 మిల్లీగ్రాముల ఫైబ్రినోజన్. రెండూ రాత్రింబగళ్ళు ఒరుసుకుంటూనే ప్రవహిస్తాయి. ఈ గ్రాహకం నిజంగా జిగురే అయితే, మీరు ఈ వాక్యం పూర్తి చేసేలోగా మీ రక్తనాళాలు మూసుకుపోవాలి!

అలా జరగకపోవడానికి కారణం 2001లో కంటికి కనిపించింది. ఇదే బీటా-3 ఉన్న మరో ఇంటెగ్రిన్ నిర్మాణాన్ని ఆ ఏడాది ఎక్స్-కిరణ స్ఫటిక పద్ధతిలో ఛేదించారు. తల ఎత్తి నిలబడి ఉంటుందనుకున్న గ్రాహకం మోకాలి దగ్గర మడిచినట్లు వంగి, తలను త్వచం వైపు వాల్చి ఉంది. ఈ వంపు స్ఫటికంలో ఏర్పడిందేమోనని కొందరు సందేహించారు. వాదోపవాదాలు చాలాకాలం సాగాయి. వంగి ఉన్నది విశ్రాంతి స్థితి, లేచి నిలబడ్డది పట్టు స్థితి అన్న అభిప్రాయమే చివరకు బలపడింది. గాయమైనప్పుడు ఫలకికలో అలజడి పుడుతుంది. టాలిన్ అనే ప్రోటీను లోపలి నుంచి బీటా-3 తోకను పట్టుకుంటుంది. ఆల్ఫా, బీటా తోకలు విడిపోతాయి. వెలుపల గ్రాహకం నిటారుగా లేచి చేయి చాస్తుంది.

అంటే నిర్ణయం లోపలిది. దీనికి నాకు అన్నిటికన్నా గట్టిగా తోచే సాక్ష్యం 1992లో ప్రచురితమైంది. ఒక రోగిలో గ్రాహకాలు ఫలకికల మీదే ఉన్నాయి, కానీ సంకేతం అందినా పనిలోకి దిగలేదు. వెతికితే ఆ 47లో ఒకటి, 752వ స్థానంలోని సెరీన్, ప్రోలీన్‌గా మారి ఉంది. ఫైబ్రినోజన్‌ను తాకే భాగానికి ఎంతో దూరంలో ఉన్న మార్పు అది. జిగురు బొమ్మలో ఈ రోగికి చోటెక్కడ?

ఆ రోగిది గ్లాంజ్‌మన్ వ్యాధిలో ఒక రకం. స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు ఎడ్వార్డ్ గ్లాంజ్‌మన్ 1918లో ఈ వ్యాధిని వర్ణించాడు. ఫలకికల లెక్క సరిగానే ఉంటుంది, అయినా ముక్కు నుంచి, చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంది. ఆడపిల్లలకు బహిష్టు సమయం ప్రాణాంతకం కావచ్చు. హీమోఫిలియాలా ఇది ప్రధానంగా మగపిల్లల జబ్బు కాదు; తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్టమైన జన్యువులు కలిస్తే వస్తుంది. అందుకే దగ్గరి సంబంధాలు చేసుకునే సమాజాల్లో, మేనరికాలున్న మన దక్షిణ భారతంతో సహా, ఎక్కువగా కనిపిస్తుంది.

మాట గురించి ఇంత రాద్ధాంతం ఎందుకని మీరు అడగవచ్చు. ఈ గ్రాహకానికి అడ్డుపడే ఇంజెక్షన్లు 1994 నుంచి గుండె రోగులకు అందుబాటులోకి వచ్చాయి, మేలు చేశాయి. అదే సూత్రంతో మాత్రలు తయారుచేసి 30 వేలమందికి పైగా రోగుల్లో పరీక్షించారు. 2001లో ఫలితాలన్నీ కలిపి చూస్తే, మాత్ర వాడినవారిలో మరణాలు తగ్గకపోగా పెరిగాయి! దీనికి చెప్పిన కారణాల్లో ఒకటి ఇది: అడ్డుపడవలసిన మందే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది, మందు ప్రభావం తగ్గే వేళకు గ్రాహకం పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. జిగురును కప్పేస్తే కథ ముగుస్తుంది. ఇక్కడ ముగియలేదు.

ఇప్పుడు నేను అనువదించేటప్పుడు 'కణాల పట్టు' అని రాస్తున్నాను. పట్టు ఉన్నచోట విడుపు కూడా ఉంటుందని తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఈ మాటా పూర్తిగా సరిపోదు. ఫైబ్రినోజన్ చేతికి చిక్కగానే ఆ కబురు తోక ద్వారా కణం లోపలికి వెళుతుంది. ఫలకిక ఆకారం మార్చుకుని పరుచుకుంటుంది, లోపలి పోగులు బిగిసి రక్తపు గడ్డను దగ్గరకు లాగుతాయి. 'పట్టు'లో ఈ కబురు వినిపించదు. గ్లాంజ్‌మన్ 1918లో పట్టుకున్నది మాత్రం సరిగ్గా దీన్నే: ఆయన రోగుల రక్తం గడ్డకట్టేది, ఆ గడ్డ కుంచించుకుపోయేది కాదు.