ఎంతవరకు అందింది?

కోనసీమలో ఉప్పలగుప్తంలాంటి చోట ఫొటో స్టూడియో పెట్టినవాడికి పెళ్లి తీయడం కంటే ఆల్బమ్‌ను ల్యాబ్‌కి పంపడమే కష్టం. షీట్లన్నీ కలిస్తే వందల ఎంబీలు. ముప్పాతిక వంతు వెళ్లాక కరెంటు పోతే మళ్లీ మొదటికే. "ఆగిన కాడి నుంచి వెళ్లదేంటండీ బాబాయ్?" అని స్టూడియో కుర్రాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అతని కోసమే పీహెచ్‌పీలో ఓ పేజీ రాశాను.

రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన ఈ భాష ఎంత చౌక హోస్టింగులోనైనా దొరుకుతుంది. కాకపోతే సెట్టింగు మార్చకుండా వాడితే 2 ఎంబీ దాటిన ఫైలును అప్‌లోడ్‌కి ఒప్పుకోదు. చాలామంది ఆ హద్దు పెంచేసి ఊరుకుంటారు. హద్దు పెంచినంత మాత్రాన లైను గట్టిపడదు కదా! ఒక్కో ఎంబీ చొప్పున ముక్కలు చేసి పంపితే, తెగినప్పుడు పోయేది మహా అయితే ఆ ఒక్క ముక్క.

కోయడం తేలికే. బ్రౌజర్‌లో స్లైస్ అనే ఆదేశం ఉంది, ఫైలంతా మెమొరీలోకి లాగకుండా కావలసినంతే తీసిస్తుంది. లైను తెగి మళ్లీ కలిసినప్పుడే అసలు సంగతి. ఎక్కణ్ణుంచి పంపాలి? ఇక్కడ పంపేవాడి లెక్క నమ్మకూడదని నా గట్టి అభిప్రాయం. ముక్క చేరి, చేరిందన్న జవాబు దారిలో పోయి ఉండొచ్చు. లారీకి కొబ్బరికాయలు ఎత్తేటప్పుడు లెక్క తేడా వస్తే పైనుండి అందుకునేవాణ్ణే కదా అడుగుతాం. అందుకే మా పేజీ ముందుగా సర్వర్‌ని "ఎంతవరకు అందింది?" అని అడుగుతుంది. సర్వర్ చెప్పిన బైటు నుంచే మొదలుపెడుతుంది. అటువైపు పీహెచ్‌పీ ముక్కను ఫైలు తోకకు అంటించదు, ఎఫ్‌సీక్‌తో దాని స్థానానికి వెళ్లి రాస్తుంది. అదే ముక్క రెండుసార్లు వచ్చినా అదే చోట పడుతుంది, ఫొటో చెడదు.

ఒక్క జాగ్రత్త. ఒకసారి చూసిన ఫైలు సైజును పీహెచ్‌పీ ఆ రిక్వెస్టు ముగిసేదాకా గుర్తుంచుకుంటుంది. ముక్క రాశాక మళ్లీ అడిగితే పాత అంకే చెప్పొచ్చు. ముందు క్లియర్‌స్టాట్‌క్యాష్ పిలిచి, ఆ తర్వాతే అడగాలి.

ఇంత పట్టింపు ఎందుకంటారా? 2022 మే 24 అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, ఇళ్ల నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకు వెళ్లారు. అలా దొరికిన కాసేపట్లో పంపిందేదీ వృథా కాకూడదు. నగరంలో ఫైబర్ పక్కన కూర్చుని ప్రోగ్రాములు రాసేవాళ్లు ఈ మాట పట్టించుకోవాలి.

ముక్కలన్నీ చేరాక రెండు చివర్లా ఎస్‌హెచ్‌ఏ-256 విలువ కట్టి సరిచూస్తాం. సరిపోతేనే ఫైలుకు అసలు పేరు పెడతాం, అప్పుడే అది ల్యాబ్‌వాళ్లకు కనిపిస్తుంది. మధ్యలో వదిలేసినవి మాత్రం సర్వర్‌లో చోటు తింటున్నాయి. వారం దాటినవాటిని రాత్రిపూట తుడిచేసే క్రాన్ పని ఇప్పుడు రాస్తున్నాను.