తలుపు తీసే వేళ

ఆ బోర్డు నా బల్ల మీద ఒక్కసారి కూడా కూలలేదు. పక్క వరుసలో టెస్టింగ్ చేసే అమ్మాయి దగ్గర మాత్రం నాలుగైదు సార్లకోసారి బూట్ మధ్యలోనే చచ్చేది. రెండు రోజులు లాగ్‌లు తిరగేశాను. మూడో రోజు కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాను. అప్పుడు కనిపించింది ఆమె అలవాటు. బోర్డు ఆన్ చేయగానే, ఇంకా లేవలేదేం అన్నట్టు తెర మీద వేలితో టకటకా కొడుతోంది.

"ఈసారి చెయ్యి తీసి చూడమ్మా" అన్నాను. లేచింది. "ఇప్పుడు కొట్టు." కూలింది.

తప్పు నాదే. నేను రాసిన టచ్ డ్రైవర్‌లో, పరికరం కనబడగానే కెర్నల్ పిలిచే ప్రోబ్ ఫంక్షన్‌లో, ఇంటరప్ట్ అడిగే లైను పైన రాశాను. వేలి కదలికలను అందుకోవాల్సిన ఇన్‌పుట్ డివైస్‌కు చోటు కేటాయించే లైను కింద రాశాను. ఆ రెంటి నడుమ చిప్ నుంచి సెట్టింగులు చదివే పని కొంత. ఆ కాసేపట్లో వేలు పడిందా, ఇంటరప్ట్ హ్యాండ్లర్ పరుగున వచ్చి ఇంకా పుట్టని డివైస్‌ను వెతుక్కుంటుంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. ఒక్క లైనును కిందికి జరిపితే సరిపోయింది.

డేటాషీట్ వేరేగా చెప్పకపోతే ప్రోబ్‌లో నేను పాటించే వరుస ఇది: రెగ్యులేటర్‌తో కరెంటు, తర్వాత క్లాక్, తర్వాత రీసెట్ వదలడం, ఆపైనే రిజిస్టర్ల జోలి. క్లాక్ ఇవ్వకుండా రిజిస్టర్ చదవబోతే కొన్ని చిప్‌లలో ప్రాసెసర్ జవాబు కోసం చూస్తూ అక్కడే బిగుసుకుపోతుంది. ఎర్రర్ మెసేజ్ కూడా ఉండదు. మెమొరీ, లాక్‌లు అన్నీ సిద్ధమయ్యాకే తలుపులు తీయాలి. తలుపులు రెండు. ఇంటరప్ట్ హార్డ్‌వేర్ వైపు తలుపు, రిజిస్ట్రేషన్ వాడేవాళ్ల వైపు తలుపు. నెట్‌వర్క్ డ్రైవర్ తనను రిజిస్టర్ చేసుకునే ఫంక్షన్ ఇంకా తిరిగి రాకముందే ఎవరో ఒకరు ఆ ఇంటర్‌ఫేస్‌ను వాడటం మొదలుపెట్టవచ్చు. "ఒక్క నిమిషం, సర్దుకుంటున్నాను" అనే వీలు అక్కడ లేదు.

మన లోపలి వరుస మన చేతిలో ఉంటుంది. మరి రెగ్యులేటర్ డ్రైవరే ఇంకా లేవకపోతే? లైనక్స్‌లో బూట్ వేళ డ్రైవర్లను లేపేందుకు ఇనిట్‌కాల్ అంచెలున్నాయి. ఒకే అంచెలో ఉన్నవాటిలో మేక్‌ఫైల్‌లో ఏది ముందుంటే అది ముందు లేస్తుంది. అందుకే ఒకప్పుడు డ్రైవర్‌ను పై అంచెకు ఎక్కించడమో, మేక్‌ఫైల్‌లో లైన్లు తారుమారు చేయడమో చేసేవాళ్లం. ఒక బోర్డుకు నయమైతే ఇంకో బోర్డుకు జబ్బు. 2012లో 3.4 వెర్షన్‌తో వాయిదా పద్ధతి వచ్చింది. కావలసింది దొరకకపోతే ప్రోబ్ 517 అనే ఎర్రర్ నంబరు తిరిగి ఇస్తుంది. ఇంకో డ్రైవర్ ఏదైనా తన పరికరంతో కుదురుకున్నాక కెర్నల్ దీన్ని మళ్లీ పిలుస్తుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తే మాత్రం ఇద్దరూ గుమ్మం బయటే.

కట్టినదాన్ని విప్పేటప్పుడు వరుస తిరగబడాలి: తలుపులు ముందు మూసి, తర్వాత సామాను తీయాలి. 2007లో వచ్చిన డెవ్‌ఎమ్ ఫంక్షన్లు ఆ తిరగేసే పనిని కెర్నల్‌కే అప్పగించాయి. కానీ సగం వాటికి, సగం చేతికి పంచితే కొంప మునుగుతుంది. చేత్తో తీసుకున్న బఫర్‌ను, డ్రైవర్‌ను విప్పేటప్పుడు కెర్నల్ పిలిచే రిమూవ్ ఫంక్షన్‌లో వదిలేస్తాం. డెవ్‌ఎమ్‌తో అడిగిన ఇంటరప్ట్ రిమూవ్ ముగిశాక గాని పోదు. ఆ సందులో ఒక్క ఇంటరప్ట్ వచ్చినా చాలు, ఇల్లు ఖాళీ చేసి తలుపు మరిచినట్టే.

అందుకే కుర్రాళ్ల కోడ్ చూసేటప్పుడు రిమూవ్ నుంచే మొదలుపెడతాను. ఆ తర్వాత ప్రోబ్‌లో తలుపు తీసే లైను మీద వేలు పెట్టి, దానికి కావలసినవన్నీ పైన ఉన్నాయా అని చూస్తాను. కొత్త బోర్డు వస్తే ఇంకో పని కూడా చేస్తాను. అది లేచేదాకా తెర మీద టకటకా కొడుతూనే ఉంటాను.